సౌర తుఫాను వచ్చిందంటే మన తెలుగు నేల మీద చూడాల్సింది ఏది?

తూరుపుగట్టు · 12 నవంబరు 2025, ఉదయం 8:40

నిన్న మధ్యాహ్నం 3:34కి సూర్యుడి మీద ఎక్స్5.1 తరగతి (ఎక్స్ అంటే అన్నిటికన్నా బలమైన తరగతి) సౌరజ్వాల పేలింది. ఈ ఏడాదిలో ఇప్పటిదాకా ఇదే పెద్దది. ఆదివారం, సోమవారం వచ్చిన ఎక్స్1.7, ఎక్స్1.2 జ్వాలలతో బయల్దేరిన ప్లాస్మా మేఘాలు ఇప్పుడు భూమిని తాకాయి. ఇందాక 6:50కి అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం జీ4 స్థాయి భూఅయస్కాంత తుఫాను ప్రకటించింది. ఆ కొలబద్దలో దీని పైన ఉన్నది జీ5 ఒక్కటే.

నేను శ్రీకాకుళం జిల్లాలో భౌతికశాస్త్రం చెబుతాను. రాత్రి నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ఇంటర్నెట్ ఆగిపోతుందని ఒకరు, ఫోన్లు మంచం దగ్గర పెట్టుకోవద్దని ఒకరు, భూకంపాలు వస్తాయని ఇంకొకరు. ఇంకో గంటలో పదో తరగతి పిల్లలు నన్ను నిలబెట్టి అడుగుతారు. నార్వే వాళ్లకు, కెనడా వాళ్లకు ఏమవుతుందో ఎక్కడైనా దొరుకుతుంది. 18 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న మనకు ఏమవుతుంది, మనం రోజూ చూసుకోవాల్సిన అంకె ఏది? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

డల్లాస్‌డాబా · 12 నవంబరు 2025, ఉదయం 9:25

మాస్టారూ, ఇక్కడ ఇంకా మంగళవారం రాత్రే. మేం డల్లాస్‌కి ఉత్తరాన ఉంటాం. చీకటి పడ్డాక ఆకాశం ఉత్తరం వైపు ఎర్రబారింది. కంటికి చాలా పల్చగా ఉంది, పక్క ఊరి దీపాల వెలుగేమో అనుకునేలా. ఫోన్‌ను గోడ మీద కదలకుండా పెట్టి మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే గులాబీ రంగు తేటగా వచ్చింది. మా అమ్మ నెల్లూరు నుంచి వీడియో కాల్‌లో చూసి, "మనకెందుకు రాదురా ఇది" అంది. ఆ ప్రశ్నే ఇక్కడ పెడుతున్నా. లడఖ్‌లో కూడా కనిపిస్తుందంటారు కదా, ఇవాళ అక్కడేమైనా కనిపించిందా?

ఇరవైమీటర్లు · 12 నవంబరు 2025, ఉదయం 9:50

రాజమండ్రి నుంచి. నేను హామ్ రేడియో చేస్తాను. మాస్టారు చెప్పిన 3:34 నాకు గడియారం చూడకుండానే తెలిసింది. 21 మెగాహెర్ట్జ్ మీద యూరప్ స్టేషన్లు బారులుతీరి వినిపిస్తున్నాయి. రెండు మూడు నిమిషాల్లో ఒక్కొక్కటీ మునిగిపోయి బ్యాండు మొత్తం చచ్చిపోయింది. వెనకాల ఉండే గరగర కూడా తగ్గిపోయింది, రిసీవర్ పాడైందనిపించేంతగా. 28 మెగాహెర్ట్జ్ ముందుగా తేరుకుంది, దాని తర్వాత 21, 14. కింది ఫ్రీక్వెన్సీలు ఆఖర్న వచ్చాయి.

నేల నుంచి అరవై, తొంభై కిలోమీటర్ల మధ్య ఒక పొర ఉంటుంది, డీ పొర అంటాం. జ్వాలలోని ఎక్స్‌రేలు దాన్ని మందంగా చేసేస్తాయి. మన తరంగాలు పైపొరకు తగిలి తిరిగి రావాల్సింది పోయి ఈ పొరలోనే ఇంకిపోతాయి. ఎక్స్‌రేలు వెలుగుతోపాటే 8 నిమిషాల చిల్లరలో వచ్చేస్తాయి కాబట్టి ముందు హెచ్చరిక అనేదే ఉండదు. ఎండ పడుతున్న సగానికే దెబ్బ. నిన్న 3:34కి మనకు ఎండ ఉంది, మనకూ తగిలింది. ఆ సమయానికి అమెరికా పడమటి తీరం ఇంకా చీకట్లో ఉంది, వాళ్లకు తగల్లేదు.

కాబట్టి నా ఓటు ఎక్స్‌రే గ్రాఫుకు. జ్వాల ఎక్స్‌కు కింది తరగతిలోని ఎం5 దాటితే నా చెవి దాని మీదే ఉంటుంది.

చౌటుప్పల్‌దారి · 12 నవంబరు 2025, ఉదయం 11:15

భూఅయస్కాంత కొలతల పనిలో చాలా ఏళ్లు గడిపి రిటైరయినవాణ్ణి. ఇద్దరి ప్రశ్నలకూ కలిపి చెబుతాను.

సూర్యుడి నుంచి మనకు మూడు వస్తాయి, మూడూ వేర్వేరు వేళల్లో వస్తాయి. వెలుగు, ఎక్స్‌రేలు ఎనిమిది నిమిషాల్లో. బాగా వేగం పుంజుకున్న ప్రోటాన్లు పది ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల్లో. ప్లాస్మా మేఘం, అంటే సీఎంఈ, ఒకటి నుంచి మూడు రోజుల్లో. 1859లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త కారింగ్టన్ చూసిన జ్వాల తాలూకు మేఘం మాత్రం 18 గంటలు కూడా తీసుకోలేదు. టీవీవాళ్లు ఈ మూడింటినీ కలిపి "సౌర తుఫాను" అనేస్తారు. సగం గందరగోళం అక్కడే పుడుతోంది.

మేఘం వచ్చినంత మాత్రాన తుఫాను రాదు. అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉండాలి. గ్రాఫుల్లో బీజడ్ అని కనిపించే గీత అదే. అది సున్నాకు కిందికి దిగి గంటల తరబడి అక్కడే ఉంటే భూమి క్షేత్రంతో ముడిపడి లోపలికి శక్తిని దింపుతుంది. ఉత్తరం వైపు ఉంటే ఎంత పెద్ద మేఘమైనా చాలావరకు పక్కకు జారిపోతుంది. దీన్ని తేల్చాలంటే మేఘం ఎల్1 దాకా రావాలి. భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఆ చోటనే మన ఆదిత్య ఎల్1 ఉపగ్రహం ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లి, 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలో కుదురుకుంది. అక్కడ కొలిచాక మనకు మిగిలేది పావుగంట నుంచి గంట.

ఇప్పుడు మాస్టారి అంకె సంగతి. అందరూ చెప్పే కేపీ సూచికను, అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత ఊగిందో చూపే అంకెను, 13 అయస్కాంత కేంద్రాల కొలతల నుంచి తీస్తారు. అవన్నీ మధ్య అక్షాంశాల్లో, ధ్రువకాంతి వలయానికి కాస్త దిగువన ఉన్నవి. భారతదేశంలో ఒక్కటీ లేదు. అరోరా, అంటే ధ్రువకాంతి, ఎక్కడిదాకా దిగుతుందో చెప్పడానికి అది మంచి అంకె. మన నెత్తిమీద ఏం జరుగుతోందో చెప్పడానికి కాదు. మనకు దగ్గరి కొలత డీఎస్‌టీ. హోనొలులు, కకియోకా, హెర్మానస్, శాన్ హువాన్ అనే నాలుగు తక్కువ అక్షాంశ కేంద్రాల సగటుతో జపాన్‌లోని క్యోటోలో లెక్కగడతారు. భూమధ్యరేఖ పైన భూమి చుట్టూ తిరిగే వలయ విద్యుత్ప్రవాహం ఎంత బలపడిందో అది చెబుతుంది. 2024 మే 10, 11 తేదీల తుఫానులో అది మైనస్ 400 నానోటెస్లా దాటి దిగింది. 2003 తర్వాత వచ్చిన మొదటి జీ5 అదే.

డల్లాస్ సోదరుడికి: ఆ మే తుఫాను మనకు రాత్రి పదిన్నర ప్రాంతంలో మొదలైంది. అందుకే హాన్లేలో ఉన్న ఖగోళ పరిశోధనశాల కెమెరాలకు ఎర్రటి వెలుగు చిక్కింది. ఇవాళ ఉధృతి మొదలయ్యేసరికి లడఖ్‌లో తెల్లారిపోయింది. మీకు చిక్కింది, వాళ్లకు దాటిపోయింది. ఇక నెల్లూరు సంగతి. ఎరుపు వెలుగు రెండు మూడొందల కిలోమీటర్ల ఎత్తున పుడుతుంది కాబట్టి చాలా దూరం నుంచి కనబడుతుంది, కానీ 14 డిగ్రీల అక్షాంశానికి రావాలంటే 1859 లాంటిది కావాలి.

ఆ 1859ని తక్కువ అక్షాంశంలో కొలిచి రాసిపెట్టింది బొంబాయి కొలాబా పరిశోధనశాల. సెప్టెంబరు 2న అక్కడి సూది దాదాపు 1600 నానోటెస్లా పడిపోయింది. కారింగ్టన్ తుఫాను ఎంత పెద్దదో లెక్కలు వేసేవాళ్లంతా ఇప్పటికీ ఆ బొంబాయి కాగితాల దగ్గరికే వస్తారు. తర్వాత నగరంలో ఎలక్ట్రిక్ ట్రాములు వస్తున్నాయని, కొలతలు చెడతాయని, 1904లో ఆ కేంద్రాన్ని అలీబాగ్‌కు తరలించారు. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ గోడ పక్క నుంచి ఇప్పుడు మెట్రో నడుస్తుంది. సంస్థకు చౌటుప్పల్ ప్రాంగణంలో ఇంకో అయస్కాంత కేంద్రం ఉండడం ఎంత అవసరమో ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

గొలుసుకొలత · 12 నవంబరు 2025, మధ్యాహ్నం 1:05

సార్లకు నమస్తే. నేను సర్వే పని చేస్త, వరంగల్ దిక్కు. నాకు అరోరా గిరోరా తెల్వదు. నా బాధ చెప్త, ఇది సూర్యుని పనేనా కాదా చెప్పుండ్రి.

రోవర్, అంటే చేతిల పట్టుకునే జీపీఎస్ మిషన్‌తోని హద్దురాళ్లు కొలుస్తం. ఒక్క తాన నిలబెట్టిన బేస్ మిషన్‌తోని మంచిగ కలిసినప్పుడు ఫిక్స్ అని చూపిస్తది, రెండు సెంటీమీటర్ల లోపల వస్తది. పోయిన మార్చిల, మొన్న సెప్టెంబరుల, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఫిక్స్ దొరకనీకె పావుగంట పట్టేది. పొద్దుగూకినంక, ఏడు దాటినంక అయితే పూరాగ ఫ్లోటే, అంటే లెక్క పక్కాగ కుదరదు. శాటిలైట్లు ఇరవై చిల్లర కనిపిస్తనే ఉంటయి. కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయమన్నడు. చేసిన. ఏం మారలే. జూన్, జులైల మల్ల మంచిగ నడిచింది. ఆ దినాలల్ల ఏ తుఫాను వార్తా లేదు.

తిరుచానూరుచుక్క · 12 నవంబరు 2025, మధ్యాహ్నం 2:20

అన్నా, మీరు చెప్పిందే ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. నేను తిరుపతిలో అయనావరణం మీద, అంటే ఆకాశంలో ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉండే పొరల మీద పరిశోధన చేస్తున్నాను. మీ నెలలు, మీ గంటలు రెండూ అచ్చం సరిపోతున్నాయి.

అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. తుంబాను రాకెట్లకు ఎంచుకున్నదీ, తిరునెల్వేలి దగ్గర అయస్కాంత కేంద్రం పెట్టిందీ అందుకే. ఆ రేఖ పైన పగటిపూట ఎలక్ట్రాన్లు పైకి లేచి, అటూ ఇటూ ఉత్తర దక్షిణాలకు జారి దిగుతాయి. దిగిన చోట, మన వైపు అయితే మధ్యభారతం మీద, ప్రపంచంలోనే దట్టమైన పొరల్లో ఒకటి తయారవుతుంది. తెలంగాణ, ఆంధ్ర ఆ వాలు మీద ఉన్నాయి. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో అది ముదురుతుంది. ఉపగ్రహ సంకేతం దాన్ని దాటుకుని రావాలి. బేస్ దగ్గర ఒక మందం, పది పదిహేను కిలోమీటర్ల దూరంలో మీ రోవర్ దగ్గర ఇంకో మందం. ఆ తేడా వల్లే మీకు ఫిక్స్ ఆలస్యం.

పొద్దుగూకాక జరిగేది వేరు. సూర్యుడు పోగానే కింది పొరలోని ఎలక్ట్రాన్లు అయాన్లతో కలిసి తొందరగా మాయమైపోతాయి, పైది మాత్రం అలాగే ఉంటుంది. నూనె మీద నీళ్లు పోసినట్టు, బరువైనది పైన, తేలికది కింద. అది నిలవదు. కింది తేలికపాటి భాగం బుడగలై పైకి దూసుకుపోతుంది, వందల కిలోమీటర్ల ఎత్తుకు. వాటిని ప్లాస్మా బుడగలంటాం. వాటి గుండా వచ్చిన జీపీఎస్ సంకేతం మినుకుమినుకుమంటుంది, రిసీవర్ పట్టు తప్పుతుంది. మార్చి ఏప్రిల్, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో ఎక్కువ. సూర్యమచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఇంకా ఎక్కువ. సూర్యమచ్చలు పెరిగి తగ్గే ఈ 25వ సౌరచక్రం 2019 డిసెంబరులో మొదలై 2024లో శిఖరానికి చేరింది, ఇంకా ఆ ఎత్తు నుంచి పూర్తిగా దిగలేదు.

తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది, 1024 యాగీ యాంటెన్నాలది. అలాంటి రాడార్ ఈ బుడగలను చూడగలదు. తెర మీద కింది నుంచి పైకి లేచే పొగ తీగల్లా కనిపిస్తాయి. వీటికి తుఫాను అక్కర్లేదు, సూర్యుడు మామూలుగా ఉన్న రోజునా వస్తాయి. తుఫాను వస్తే ఒక్కోసారి పెరుగుతాయి, ఒక్కోసారి అణిగిపోతాయి. తుఫాను ఉధృతి మనకు సాయంత్రం వేళ పడిందా, ఇంకో వేళ పడిందా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఫర్మ్‌వేర్‌తో పోయేది కాదన్నా. ఆ నెలల్లో పొద్దున పూట కొలవండి, బేస్ దగ్గరగా పెట్టుకోండి.

గొలుసుకొలత · 12 నవంబరు 2025, మధ్యాహ్నం 2:55

శానా థ్యాంక్స్ తమ్మీ. ఇన్ని దినాలు మిషన్‌ను తిట్టుకున్నం. హద్దు అరమీటరు తేడా వస్తే ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకు పోతరు. గీ ముచ్చట సర్వే ట్రైనింగ్‌లనే చెప్పాలె.

కేజీబేసిన్ · 12 నవంబరు 2025, సాయంత్రం 6:10

కాకినాడకు దూరంగా, సముద్రంలో ఆయిల్ క్షేత్రాల దగ్గర ఓడలో డీపీ ఆపరేటర్‌గా చేస్తాను. లంగరు వేయకుండా, ప్రొపెల్లర్లతోనే ఓడను ఒకే చోట నిలబెట్టడం మా పని. పక్కన ప్లాట్‌ఫారమ్, కింద గొట్టాలు. రెండు మూడు మీటర్లు జరిగితేనే గుండె జారుతుంది.

పైన తమ్ముడు చెప్పిన మినుకుమినుకు మాకు బాగా తెలుసు. ఈ సెప్టెంబరులో రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య రెండు జీపీఎస్ రిసీవర్లూ ఒకేసారి పోయిన రాత్రులున్నాయి. ఒకటి పోయినా ఇంకొకటి ఉందిగా అనుకునే ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రెండూ ఒకే ఆకాశాన్ని చూస్తాయి. పైగా దిద్దుబాటు సంకేతం కూడా ఉపగ్రహం మీద నుంచే వస్తుంది, అదీ అదే పొర దాటాలి. అందుకే పొద్దుగూకే లోపల నీటి అడుగున శబ్దంతో కొలిచే ట్రాన్స్‌పాండర్‌ను తయారుగా ఉంచుతాం. ప్లాట్‌ఫారమ్ దగ్గరుంటే లేజర్ కూడా. ఆకాశం మీద ఆధారపడనిది ఒకటైనా ఉండాలన్నది మా కెప్టెన్ గారి పట్టు.

నాకు కేపీ 8 అన్న వార్త కన్నా, ఇది సెప్టెంబరు, టైము ఏడున్నర అన్న మాటే ఎక్కువ పనికొస్తుంది.

తూరుపుగట్టు · 12 నవంబరు 2025, రాత్రి 8:30

పొద్దున ఇంత దొరుకుతుందని అనుకోలేదు. పిల్లలకు ఎక్స్‌రే, మేఘం తేడా చెప్పగలిగాను. వాళ్లు అడిగిన రెండు ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నా. కరెంటు పోతుందా? భూకంపం వస్తుందా?

సబ్‌స్టేషన్220 · 12 నవంబరు 2025, రాత్రి 9:15

కరెంటు సంగతి నేను చెబుతాను. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో గ్రిడ్ మొత్తం ఒకటిన్నర నిమిషంలో కూలిపోయింది. 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు. అయస్కాంత క్షేత్రం గబగబా మారినప్పుడు నేలలో విద్యుత్ పీడనం పుడుతుంది. అక్కడి నేల పాత గట్టి రాయి, కరెంటును తనలోంచి పోనివ్వదు. దాంతో ఆ కరెంటు పొడవాటి లైన్లలోకి, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌లోకి ఎక్కుతుంది. అది దాదాపు డీసీలాంటిది, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ దాన్ని తట్టుకోలేదు.

మన దక్కను నేలా గట్టి రాయే. కర్నూలు నుంచి తిరువలం దాకా 765 కేవీ లైన్లు పోతున్నాయి. అయినా క్షేత్రం అంత వేగంగా ఊగేది ధ్రువకాంతి వలయం కింద, మన దగ్గర ఆ ఊపు చాలా తక్కువ. ఇవాళ్టి లాంటి తుఫానుకు మన ఊళ్లో కరెంటు పోయిందంటే ముందు చెట్టుకొమ్మను చూడండి, ఫ్యూజును చూడండి. 1859 లాంటిదానికి మాత్రం "మనకేం కాదు" అని నేను చెప్పను. న్యూట్రల్ కరెంటును పెద్ద సబ్‌స్టేషన్లలో కొలిచి, ఆ కొలతలు పరిశోధకులకు ఇవ్వాలని నా కోరిక. మీటరు పెట్టడం పెద్ద ఖర్చేం కాదు.

మంగపేటమట్టి · 13 నవంబరు 2025, ఉదయం 7:00

మాది ములుగు జిల్లా. 2024 డిసెంబరు 4న పొద్దుగాల ఏడున్నరకు మా ఇల్లు ఊగింది. 5.3 అన్నరు. హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. అప్పటి సంది మా అవ్వ రాత్రి తలుపు గొళ్లెం పెట్టనిస్తలేదు. ఇప్పుడు గ్రూపులల్ల "సూర్యుడు పేలిండు, గోదారి పొంటి మల్ల ఊగుతది" అని పంపుతున్నరు. ఆమెకు నేను ఏం చెప్పాలె?

గ్రహచారి · 13 నవంబరు 2025, ఉదయం 7:45

చెప్పాల్సింది నిజమే చెప్పండి. నేను కొన్నేళ్లుగా పెద్ద జ్వాలల తేదీలు, భూకంపాల తేదీలు పక్కపక్కన రాసుకుంటున్నాను. ఎక్స్ తరగతి జ్వాల వచ్చిన రెండు మూడు రోజుల్లో ఎక్కడో ఒకచోట 5 దాటిన భూకంపం రాని సందర్భం నాకు దొరకలేదు. సూర్యుడి శక్తి భూమి లోపలికి పోతుందని చౌటుప్పల్‌దారి గారే అంటున్నారు కదా. శాస్త్రవేత్తలు దీన్ని ఎందుకు కొట్టిపారేస్తారు?

చౌటుప్పల్‌దారి · 13 నవంబరు 2025, ఉదయం 9:30

గ్రహచారి గారూ, మీరు తేదీలు రాసుకోవడం మంచి పని. దానికి ఇంకో వరస కలపండి. జ్వాల రాని రోజులు కూడా రాయండి. ప్రపంచంలో 5 దాటిన భూకంపాలు ఏడాదికి సుమారు 1500. రోజుకు సగటున నాలుగు. మూడు రోజుల కిటికీ తెరిస్తే పన్నెండు పడతాయి. జ్వాల వచ్చినా పడతాయి, మీ ఇంట్లో పెళ్లి జరిగినా పడతాయి. మీకు రాని సందర్భం దొరక్కపోవడం అందుకే.

దీన్ని ఎవరూ చూడకుండా కొట్టిపారేయలేదు. 2013లో అమెరికా భూవిజ్ఞాన సర్వేకు చెందిన ఇద్దరు దాదాపు శతాబ్దం భూకంపాలను తీసుకుని, సూర్యమచ్చలతోనూ సౌరగాలితోనూ అయస్కాంత సూచికలతోనూ పోల్చారు. నమ్మదగ్గ సంబంధమేదీ తేలలేదు. శక్తి లోపలికి దిగేది అయస్కాంతావరణంలోకి, అయనావరణంలోకి. పదిహేను ఇరవై కిలోమీటర్ల లోతున రాయిని పగలగొట్టే ఒత్తిడితో దీనికి పోలిక లేదు.

మంగపేట తమ్ముడూ, మీ అవ్వగారికి ఇలా చెప్పు. గోదావరి లోయ కింద భూమి పొరల్లో కోట్ల ఏళ్ల నాటి పగులు ఉంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, 2024లో మీ దగ్గర 5.3 వచ్చింది. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ తేదీ చెప్పలేరు, సూర్యుణ్ణి చూసి అసలే చెప్పలేరు. తలుపు తీసి ఉంచడం కన్నా మంచం పైనున్న అటకలోంచి బరువులు దింపడం మేలు. గోడలకు బీటలుంటే పూడ్పించండి.

నిర్వాహకులు · 13 నవంబరు 2025, ఉదయం 10:00

తేదీ, ఊరు పెట్టి భూకంపం చెప్పే ఫార్వర్డులను ఈ చర్చలో ఉంచడం లేదు. నిన్న రాత్రి నుంచి వచ్చిన మూడింటిని తీసేశాం. ప్రశ్నలు ఎన్నయినా అడగండి.

తిరుచానూరుచుక్క · 13 నవంబరు 2025, ఉదయం 11:40

గ్రహచారి గారి ప్రశ్నను తిరగేస్తే అందులో చాలా అసలైన విషయం ఉంది. సూర్యుడు భూమిని కదిలించడు కానీ, భూమి కదిలితే పైనున్న అయనావరణం కదులుతుంది.

సునామీ సముద్రాన్ని లేపినప్పుడు నీటితో పాటు గాలి కూడా లేస్తుంది. ఆ అల పైకి పోయే కొద్దీ గాలి పల్చబడుతుంది కాబట్టి పెద్దదవుతుంది. 300 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి ఎలక్ట్రాన్ల సాంద్రతను జీపీఎస్ రిసీవర్ పట్టేంతగా ఊపుతుంది. 2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రంలోని అగ్నిపర్వతం పేలినప్పుడు దాని పీడన తరంగం భూమిని చుట్టేసింది. మన దేశంలో కూడా బారోమీటర్లు గుర్తించాయి. ఈ ఏడాది జులై 30 తెల్లవారుజామున, మన టైము ప్రకారం, కమ్చట్కాలో 8.8 భూకంపం వచ్చినప్పుడు నాసా జేపీఎల్‌వాళ్ల గార్డియన్ వ్యవస్థ, అలలు హవాయి తీరం చేరకముందే, ఆకాశంలో ఆ ఊపును పట్టుకుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మన తీరానికి ముప్పు లేదని ప్రకటించింది కూడా అదే భూకంపానికి.

2004 డిసెంబరు 26న మన తీరానికి హెచ్చరిక ఇచ్చే కేంద్రమే లేదు. 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో అది మొదలైంది. భూకంప యంత్రాలు, సముద్రంలో బోయాలు, తీరంలో అలల కొలమానాలు, వీటికి తోడు జీపీఎస్ రిసీవర్లు కూడా చేరాలని మా రంగంలో చాలామంది కోరిక. చిక్కల్లా మన ఆకాశమే. సాయంత్రం ఏడు నుంచి అర్ధరాత్రి దాకా బుడగల గలభాలో సునామీ తాలూకు సన్నటి అలను ఏరడం కష్టం. అంతరిక్ష వాతావరణం తెలియకుండా ఆ పని జరగదు. ఈ రెండూ వేర్వేరు శాఖల్లో ఎందుకుండాలి?

ఇరవైమీటర్లు · 13 నవంబరు 2025, మధ్యాహ్నం 12:30

ఇది నా మనసులో ఎన్నాళ్లుగానో ఉన్న మాట. సూర్యుడికీ మన తుఫాన్లకూ ఉన్న సంబంధం కారణం, ఫలితం అన్నది కాదు. రెండూ ఒకే వారంలో పడొచ్చు, భయపడాల్సింది దానికే.

2017 సెప్టెంబరు 6న, ఇర్మా హరికేన్ కరీబియన్ దీవుల మీద ఉన్న రోజునే, ఎక్స్9.3 జ్వాల వచ్చింది. 24వ సౌరచక్రంలోకెల్లా పెద్దది. దీవుల్లో టవర్లు పోయి హామ్ రేడియోలే ఆధారమైన వేళ ఆ బ్యాండ్లు మూగబోయాయి. ఒక విమానంతో గంటన్నర సేపు హెచ్‌ఎఫ్ (దూరం పోయే షార్ట్‌వేవ్ రేడియో) సంబంధం తెగిపోయిందని ఫ్రెంచి విమానయాన అధికారులు చెప్పారు.

మన దగ్గరా అంచుదాకా వచ్చింది. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. సెల్ టవర్లు, కరెంటు రోజుల తరబడి లేవు. సరిగ్గా వారానికి, అక్టోబరు 19 ఉదయం పదిన్నరకు, మనకు నిండు ఎండలో, ఎక్స్1.1 జ్వాల వచ్చింది. ఆ చక్రంలోని అతిపెద్ద మచ్చల గుంపు అప్పుడే భూమి వైపు తిరుగుతోంది. తర్వాతి పది రోజుల్లో అదే గుంపు నుంచి ఇంకో అయిదు ఎక్స్ జ్వాలలు వచ్చాయి. ఆ గుంపు ఒక వారం ముందు తిరిగి ఉంటే?

మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఈ జ్వాల నవంబరు 11న. రెంటికీ రెండు వారాల ఎడం. కృష్ణా, గోదావరి జిల్లాల్లో తుఫాను కాలం అక్టోబరు, నవంబరు. తమ్ముడు చెప్పిన బుడగల కాలం సెప్టెంబరు, అక్టోబరు. క్యాలెండరు మీద రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

నేను అడిగేది ఒక్కటే. జిల్లా కలెక్టరేట్ కంట్రోల్ రూములో తుఫాను మ్యాపు పక్కన ఎక్స్‌రే గ్రాఫు ఒకటి తెరిచి ఉండాలి. హెచ్‌ఎఫ్ పోతే వెంటనే అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉండే వీహెచ్‌ఎఫ్‌కి మారాలని ఆపరేటరుకు తెలిసి ఉండాలి. వీహెచ్‌ఎఫ్ రిపీటర్లకు ఈ డీ పొరతో పని లేదు. జ్వాల తాలూకు మౌనం గంటా రెండు గంటల్లో పోతుందని తెలిస్తే సెట్టు పాడైందని విప్పుకుని కూర్చోరు.

కేజీబేసిన్ · 13 నవంబరు 2025, రాత్రి 7:40

దీనికి నేనొకటి కలుపుతా. చిన్న పడవల మీద వేటకెళ్లేవాళ్లు ఇప్పుడు తీరం కనబడనంత దూరం జీపీఎస్ నమ్ముకుని పోతున్నారు. తుఫాను హెచ్చరికతో రాత్రిపూట వెనక్కి తిరిగే పడవకు అరగంట సేపు స్థానం తప్పితే ఏం చేయాలి? దిక్సూచి చూసి పట్టిన దిక్కు మార్చకుండా రావాలి, తెర మీద చుక్క గంతులేస్తుంటే దాని వెంట పడకూడదు. మా నాన్న తరానికి ఇది చెప్పక్కర్లేదు. ఇప్పటి కుర్రాళ్ల పడవల్లో దిక్సూచి లేనివే ఎక్కువ చూస్తున్నా. దాని ధర వలకు వేసే అతుకు పాటి ఉండదు.

డల్లాస్‌డాబా · 30 నవంబరు 2025, ఉదయం 8:15

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నా. శుక్రవారం నుంచి ఎయిర్‌బస్ ఏ320 విమానాల వార్త చూస్తున్నారా? అక్టోబరు 30న ఒక విమానం ఉన్నట్టుండి ముక్కు దించింది, ప్రయాణికులకు గాయాలయ్యాయి. తీవ్రమైన సౌర వికిరణం వల్ల నియంత్రణ కంప్యూటరులోని డేటా చెడిపోవచ్చని కంపెనీ చెప్పింది. ప్రపంచంలో దాదాపు 6000 విమానాలకు మార్పులు చేయమన్నారు, మన దేశంలోనే మూడొందలకు పైగా. మా అమ్మ డిసెంబరులో హైదరాబాద్ నుంచి వస్తోంది, కంగారు పడుతోంది.

చౌటుప్పల్‌దారి · 30 నవంబరు 2025, ఉదయం 10:20

నవంబరు 11 జ్వాలకు ప్రోటాన్లు నేల మీది కొలమానాలకు కూడా అందాయి, అది అరుదైన విషయం. అక్టోబరు 30న మాత్రం చెప్పుకోదగ్గ ప్రోటాన్ తుఫాను ఏదీ లేదు. అందుకే ఆ రోజు కంప్యూటరులోని అంకెను తిప్పింది సూర్యుడి కణమా, దూర నక్షత్రాల నుంచి నిత్యం వచ్చే కాస్మిక్ కిరణమా అని శాస్త్రవేత్తల్లో ప్రశ్న ఉంది. ఏదైనా సరే, కంప్యూటరు ఆ తప్పును పట్టుకుని వదిలేయగలగాలి. ఇప్పుడు చాలా విమానాలకు చేస్తున్నది పాత సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లడం. కొన్ని గంటల పని. అమ్మగారు ఎక్కేనాటికి అది అయిపోయి ఉంటుంది.

ఇంకో మాట. ఈ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం అడ్డుకుంటుంది, ఆ అడ్డు భూగోళం మొత్తంలో బాగా గట్టిగా ఉన్న ప్రాంతాల్లో మన దక్షిణ భారతం ఒకటి. లోపలికి రావాలంటే కణానికి ఇక్కడ సుమారు 17 గిగావోల్టుల దృఢత్వం, అంటే అయస్కాంత క్షేత్రానికి వంగిపోకుండా చొచ్చుకొచ్చే బలం, కావాలి, ధ్రువాల దగ్గర దాదాపు ఏమీ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి సింగపూర్ పోయేవాళ్లకు ఇది మంచి గొడుగు. ఉత్తర ధ్రువం మీదుగా అమెరికా పోయే దారిలో అది ఉండదు, అందుకే పెద్ద ప్రోటాన్ తుఫాన్లప్పుడు ఆ విమానాలను ధ్రువానికి దూరంగా, దక్షిణపు దారులకు మళ్లిస్తారు.

గొలుసుకొలత · 30 నవంబరు 2025, మధ్యాహ్నం 12:10

పెద్దసారూ, ఆదిత్య కొలిచిన లెక్కలు మనసొంటోళ్లకు చూడనిస్తరా? మా ట్రైనింగ్ సెంటర్ల పిల్లలకు చూపిద్దామని ఉంది.

తిరుచానూరుచుక్క · 30 నవంబరు 2025, మధ్యాహ్నం 12:45

చూడనిస్తారన్నా. 2025 జనవరి 6 నుంచి ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో అందరికీ పెట్టారు. పేరు, ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరవాలి, డబ్బులేమీ లేవు. సౌరగాలి కావాలంటే ఆస్పెక్స్, అయస్కాంత క్షేత్రం కావాలంటే మాగ్, ఎక్స్‌రేలకు సోలెక్స్ అని వెతకండి. ఫైళ్లు నేరుగా ఎక్సెల్‌లో తెరుచుకోవు, పైథాన్ కావాలి. నవంబరు 11, 12 తేదీలవి పోర్టల్‌లోకి వచ్చాక దించి గ్రాఫులుగా గీసి ఇక్కడ పెడతాను. మీ రోవర్ లాగ్ ఫైళ్లు మార్చివి, సెప్టెంబరువి ఉంటే నాకు పంపండి. ఫిక్స్ పోయిన నిమిషాలను మా రిసీవర్ నమోదు చేసిన మినుకుల పక్కన పెట్టి చూద్దాం.

గొలుసుకొలత · 30 నవంబరు 2025, మధ్యాహ్నం 1:00

సెప్టెంబరువి మొత్తం ఉన్నయి. మార్చివి సగం. రేపు పంపుత.